వెలుగు చెప్పింది, నేను చెప్పింది

నేను పనిచేసే ల్యాబ్ నాచారం పారిశ్రామికవాడలో ఒక సందు చివర, రెండో అంతస్తులో ఉంటుంది. కింద అట్టపెట్టెలు చేసే యూనిట్ ఉండడం వల్ల రోజంతా జిగురు వాసన మెట్ల మీదుగా పైకి వస్తూనే ఉంటుంది. తినే వస్తువుల్లో, తాగే నీళ్లలో రోగాలు తెచ్చే బ్యాక్టీరియా ఉందో లేదో చూసి రిపోర్టు ఇవ్వడం మా పని. బేకరీల వాళ్లు, డెయిరీల వాళ్లు, హాస్టళ్ల వాళ్లు శాంపిళ్లు పంపుతారు. మైక్రోబయాలజీ చదివి, పెళ్లయ్యాక జనగామ వైపు నుంచి ఈ ఊరికి వచ్చి, కొన్నేళ్లు ఒక మందుల కంపెనీలో చేసి, ఆ తర్వాత ఇందులో చేరాను. ఇక్కడ జరిగిన రెండు విషయాలు నన్ను ఇప్పటికీ స్థిమితంగా ఉండనివ్వవు. జరిగింది జరిగినట్టు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాయబోతే నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపించి లేచిపోయాను.

ల్యాబ్ మా సారుది. గుంటూరు వైపు మనిషి. ఒక పరిశోధన సంస్థలో చాలాకాలం పనిచేసి, అక్కడ ఇమడలేక బయటికి వచ్చి ఈ ల్యాబ్ పెట్టుకున్నారు. ఆయన స్వయంగా తయారుచేసుకున్న యంత్రం ఒకటి మా దగ్గర ఉంది. లోపల లేజర్, కెమెరా ఆయన బిగించుకున్నారు. పైన రేకు పెట్టె మల్లాపూర్‌లో ఒక లేత్ వర్క్‌షాప్‌లో చేయించారు. నల్ల రంగు వేసిన బియ్యం డబ్బాలా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లెవరూ దాన్ని యంత్రం అనుకోరు.

అది చేసే పని మాత్రం చాలా గొప్పది. బ్యాక్టీరియాను అగర్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద పెంచితే, ఒక్కో కణం లక్షలై, ఆవగింజకన్నా చిన్న చుక్కగా కనపడుతుంది. దాన్ని కాలనీ అంటాం. ఆ చుక్క గుండా సన్నటి ఎర్ర లేజర్ కిరణాన్ని పంపితే వెలుగు చెదిరిపోయి, అవతల కెమెరా మీద ఒక బొమ్మ పడుతుంది. వలయాల చుట్టూ వలయాలు, మధ్యలో సైకిల్ చక్రం పుల్లల్లాంటి గీతలు. ఒక్కో జాతి బ్యాక్టీరియా వెలుగును ఒక్కో తీరుగా చెదరగొడుతుంది. మాకు ముందే తెలిసిన జాతుల బొమ్మలన్నీ కంప్యూటర్‌లో దాచి ఉంచాం. కొత్త బొమ్మను వాటితో పోల్చి, ఇది ఫలానా కావచ్చు అని కంప్యూటర్ చెబుతుంది. మామూలు పద్ధతిలో నాలుగైదు రోజులు పట్టే సంగతి రెండో రోజే ముందుగా తెలిసిపోతుంది.

ఆ బొమ్మల్ని రెండేళ్లపాటు పోగుచేసింది నేనే. రోజూ పొద్దున్నే ప్లేట్లు తీసి, ఒక్కో చుక్కనూ కిరణం కిందకి జరిపి, బొమ్మ తీసి, పేరు రాసి పెట్టడం. కొన్నాళ్లకు కంప్యూటర్ చెప్పకముందే బొమ్మ చూసి పేరు చెప్పగలిగేదాన్ని. సారు అది చూసి నవ్వేవారు. ఆయన రెండు నియమాలు మాత్రం కచ్చితంగా పెట్టారు. మొదటిది, కాలనీలు ముదిరితే బొమ్మ మారిపోతుంది కాబట్టి గడువు దాటిన ప్లేట్లను లేజర్ కింద పెట్టకూడదు. మళ్లీ కొత్తగా పెంచి చూడాలి. రెండోది, యంత్రం చెప్పేది అనుమానమే. మిగతా పరీక్షలు కూడా చేసి నిర్ధారణ అయ్యాకే శాంపిల్ పంపిన పార్టీకి చెప్పాలి.

మా వీధి మలుపులో ఒక అక్క కర్రీ పాయింట్ నడిపేది. వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె. భర్త మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసేవాడు. ఆమె, ఆమెకు సాయంగా ఒక పెద్దమ్మ, ఇద్దరే పదిరకాల కూరలు వండేవాళ్లు. నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. ఇంటికెళ్లి అన్నం ఒక్కటే వండేదాన్ని. కూర, పప్పు, చారు ఆమె దగ్గరివే. మా అబ్బాయికి ఊహ తెలిసినప్పటి నుంచి పప్పు అంటే ఆమె వండిన పప్పే. నాకు డెంగ్యూ వచ్చి పదిరోజులు మంచం మీద ఉన్నప్పుడు రోజూ మిరియాల చారు గిన్నెలో పోసి ఆ పెద్దమ్మతో పంపించింది. అడిగితే పంపింది కాదు. నేను కొట్టుకు రాకపోవడం చూసి, మా ఆయన్ని అడిగి తెలుసుకుని పంపింది.

ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, మల్లాపూర్‌లోని ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు మధ్యాహ్నం భోజనాలు వండి పంపమంటున్నారని చెప్పింది. పిల్లల తిండి కాబట్టి ల్యాబ్ రిపోర్టు ఒకటి కావాలన్నారట. ఎక్కడ చేయించాలి, ఏం అడుగుతారు అని ఆమెకు బెంగగా ఉంది. నేనుండగా నీకెందుకు అక్కా, నేనే తీసుకెళ్తాను అన్నాను. సోమవారం పొద్దున శుభ్రమైన డబ్బాల్లో గుడ్డు కూర, కొబ్బరి పచ్చడి, కూరగాయలు తరిగే చెక్క మీద తుడిచిన దూది తీసుకుని ల్యాబ్‌కు వెళ్లాను. ఆమె వంటిల్లు నాకు తెలుసు. నా వంటిల్లు కన్నా శుభ్రంగా ఉంటుంది. రిపోర్టు ఎలా వస్తుందో నా మనసులో అప్పటికే రాసేసుకున్నాను.

బుధవారం పొద్దున ప్లేట్లు చూడాలి. ఆ రోజు తెల్లవారుజాము నుంచి వాన. మా ఆయన్ని స్కూటీ మీద ఉప్పల్ మెట్రో దగ్గర దింపి వెనక్కి వస్తుంటే చౌరస్తాలో బండ్లు కదల్లేదు. ల్యాబ్ చేరేసరికి పదకొండు దాటింది. ప్లేట్ల గడువు దాటిపోయింది. పచ్చడి ప్లేటు మీద చుక్కలు మామూలుకన్నా లావుగా, అంచులు చెదిరి కనిపించాయి. వాటిని పక్కనపెట్టి, మళ్లీ కొత్త ప్లేట్ల మీద పెంచి గురువారం చూడాలి. ఆ సంగతి నాకు తెలుసు. గోడ మీద అంటించిన ఆ నియమం నా చేతిరాతలోనే ఉంది. కానీ సాయంత్రం కూర కోసం వెళ్లినప్పుడు అక్కకు మంచి మాట చెప్పాలన్న తొందర. ఏమీ ఉండదు కదా, ఒకసారి చూస్తే ఏమవుతుందిలే అనుకుని ప్లేటును యంత్రంలో పెట్టాను.

కంప్యూటర్ సాల్మొనెల్లా అంది. ఇంకో చుక్క చూశాను. అదే మాట. మూడోది చూశాను. తిండిని విషం చేసే బ్యాక్టీరియాల్లో అందరూ భయపడేది దానికే. వాంతులు, విరేచనాలు, జ్వరం. చిన్నపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. ఆ బొమ్మ నేను వందలసార్లు చూసిన బొమ్మలాగే ఉంది. కొంచెం తేడా ఉన్నట్టు అనిపించిందేమో కూడా. అయినా మనసు ఆ తేడా మీద నిలబడలేదు. ముందురోజు రాత్రి మా అబ్బాయి ఆమె దగ్గరి పచ్చడితోనే తిన్నాడన్నది ఒక్కటే తలలో తిరుగుతోంది.

సారుకు చెప్పాను. ఆయన బొమ్మలు చూసి, నిర్ధారణ పరీక్షలు మొదలుపెట్టమన్నారు. శనివారానికి తేలుతుంది, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. ప్లేట్లకు గడువు దాటిందన్న విషయం నేను ఆయనకు చెప్పలేదు. దాచాలని కాదు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. దాచాలనే.

సాయంత్రం కర్రీ పాయింట్ ముందు ఎప్పటిలాగే జనం. ఫ్యాక్టరీల నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్లు, నాలాంటి ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ ప్యాకెట్లు. ఒకామె చిన్నపాపను చంకనేసుకుని పచ్చడి అడుగుతోంది. శనివారం దాకా ఆగడం నావల్ల కాలేదు. పక్కకు పిలిచి, అక్కా, నీ పచ్చడిలో సాల్మొనెల్లా ఉంది అన్నాను. అదేమిటో ఆమెకు తెలియదు. తింటే ఏమవుతుందో చెప్పాను. ఆమె లోపలికెళ్లి పొయ్యి ఆర్పేసింది. తిరిగొచ్చి, కూరల గిన్నెల మీద ఒక్కొక్కటిగా మూతలు పెట్టి, నిలబడినవాళ్లతో ఇయ్యాల కూరలు లేవు, ఏమనుకోకున్రి అంది. పాపను ఎత్తుకున్నామె చేతిలోని ప్యాకెట్టు వెనక్కి తీసుకుని పైసలు తిరిగిచ్చేసింది.

మర్నాడు ఆమె కొట్టు తెరవలేదు. పచ్చళ్లు, మసాలాలు, పిండ్లు అన్నీ పారబోసి, గిన్నెలన్నీ వేడినీళ్లతో, బ్లీచింగ్ పొడితో కడిగిందట. చేతుల తోలు ఊడేలా కడిగిందని ఆ పెద్దమ్మ తర్వాత నాతో చెప్పింది. ఎందుకు మూశావని అడిగినవాళ్లకు ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. శుక్రవారానికల్లా మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ కర్రీ పాయింట్‌లో విషం పుట్టించే పురుగు దొరికిందని రాశారు. ఎవరో ఆమె బోర్డు ఫోటో కూడా పెట్టారు. ఆ మెసేజ్ కింద నేను ఒక్క ముక్క రాయలేదు. స్కూలు వాళ్లు ఫోన్ చేసి నిజమేనా అని అడిగారు. ల్యాబ్‌ల అట్లనే వచ్చిందట అని ఆమె ఉన్నమాట చెప్పింది. వాళ్లు భోజనాల పని బోడుప్పల్‌లో ఇంకొకరికి ఇచ్చేశారు.

శనివారం మధ్యాహ్నం పరీక్షలు పూర్తయ్యాయి. అది సాల్మొనెల్లా కాదు. దానికి చుట్టమైన సిట్రోబ్యాక్టర్. మట్టిలో, నీళ్లలో, ఆకుకూరల మీద మామూలుగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని సాధారణంగా ఏమీ చేయదు. పచ్చడిలో వేసిన కొత్తిమీర మీద నుంచి వచ్చి ఉంటుంది. ముదిరిన ఆ కాలనీ వెలుగును చెదరగొట్టిన తీరు, మా దగ్గరున్న సాల్మొనెల్లా బొమ్మలకు దగ్గరగా వచ్చింది. ఉన్న బొమ్మల్లో దగ్గరిదేదో అదే చెప్పడం తప్ప కంప్యూటర్‌కు వేరే దారి లేదు. గురువారం పొద్దున కొత్తగా పెంచిన కాలనీలను చూసి ఉంటే అది ఈ మాట అనేది కాదు. తర్వాత చేసి చూశాను కూడా. అనలేదు.

రిపోర్టు కాగితం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. కడిగిన గిన్నెలు గుమ్మం బయట బోర్లించి ఉన్నాయి. ఆమె పీట వేసి కూర్చోమంది. నేను నిలబడే అంతా చెప్పాను. నీ తిండిలో ఏ దోషమూ లేదక్కా, తప్పు నాది అన్నాను. ఆమె కాగితం తీసుకుని, చదవకుండానే మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వొచ్చి చెప్పినందుకు నాకేం కోపం లేదు చెల్లె," అంది. "చెప్పకుంటెనే తప్పు. పిల్లలు తినేది. గని పక్కా కాదని ఒక్క మాట అనకపోతివి. ఉన్నది అన్నవ్. ఉన్నదేమో అంటే గూడ నేను పొయ్యి ఆర్పుదును. కాకుంటే అందరికీ ఉన్నదని చెప్పకపోదును."

యంత్రం ‘కావచ్చు’ అంది. నేను ‘ఉంది’ అన్నాను. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం ఎంతో రోజూ చూసేదాన్ని నేనే.

సోమవారం సారుకు గడువు సంగతి చెప్పేశాను. బయటికి చెప్పిన సంగతి కూడా చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన అరవలేదు. "ప్లేట్లు ముదిరాయని నాకు ఆ రోజే చెప్పి ఉంటే, ఆ బొమ్మను నమ్మొద్దని ఆ రోజే అనేవాణ్ణి కదమ్మా," అన్నారు. ఆ తర్వాత చాలా వారాలు ముదిరిన కాలనీల బొమ్మలు తీసి కంప్యూటర్‌కు ఎక్కించాను. సిట్రోబ్యాక్టర్‌ను అన్ని వయసుల్లోనూ పెంచి చూపించాను. పని బాగా జరిగింది. ఆ పని వల్ల అక్కకు ఒరిగిందేమీ లేదు.

ఆమె కొట్టు మళ్లీ తెరిచింది. పది గిన్నెలు నాలుగయ్యాయి. రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకు వేలాడదీసింది. దాన్ని చదివినవాళ్లకు లేని అనుమానం కూడా వచ్చేది. నేను రోజూ వెళ్లి కొనేదాన్ని, తినలేనంత కొనేదాన్ని. ఆమె అది కనిపెట్టి, ఇంత ఎందుకు చెల్లె అనేది. తర్వాత్తర్వాత ఆమె ముఖం చూడలేక వెనకసందులోంచి ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఎండాకాలానికి కొట్టు ఎత్తేసి వాళ్లు బోడుప్పల్ వైపు మారిపోయారని పెద్దమ్మ ద్వారా తెలిసింది.

రెండో సంగతి ఆ మరుసటి వానాకాలంలో జరిగింది. ఉప్పల్‌లో ఆడపిల్లల హాస్టల్ ఒకటి నీళ్ల శాంపిల్ పంపింది. వీధిలో పైపుల కోసం తవ్విన తర్వాత సంపు నీళ్లు వాసన వస్తున్నాయని రాశారు. శుక్రవారం ప్లేట్లు వేశాను. శనివారం పొద్దున ఎనిమిదింటికే వచ్చి, గడియారం చూసుకుని, గడువులోపే యంత్రంలో పెట్టాను. ఈ.కోలై అని చెప్పింది. అంటే ఆ నీళ్లలో మురుగు కలిసిందని. పది చుక్కలు చూశాను. పదింటికీ అదే బొమ్మ. మిగతా పరీక్షలు సోమవారం గానీ పూర్తికావు.

సారు, తన కూతురి కాలేజీ పని మీద విజయవాడ వెళ్లారు. ఫోన్ చేసి సంగతి చెబితే, మీకు ఏది సరైనదనిపిస్తే అది చేయండి అన్నారు. నమ్మకంతోనే అన్నారు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని హాస్టల్ నంబరు తీశాను. అక్క తన కొట్టు గోడకు వేలాడదీసిన ఆ రిపోర్టు కళ్లముందుకొచ్చింది. నిర్ధారణ కాకుండా చెప్పకూడదన్న నియమం ఇప్పుడు నాకు అండగా దొరికింది. ఫోన్ పక్కనపెట్టి, తలుపు తాళం వేసి ఇంటికి వెళ్లిపోయాను. ఆదివారం బట్టలు ఉతుక్కున్నాను. అబ్బాయికి తలంటు పోశాను. నియమం ప్రకారమే చేశానని పదేపదే అనుకున్నాను.

సోమవారం పరీక్ష కూడా అదే చెప్పింది. వెంటనే ఫోన్ చేశాను. వార్డెన్ ఎత్తింది, కాకినాడ వైపు యాస. శనివారం రాత్రి నుంచి అమ్మాయిలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని, ఇద్దరికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతోందని చెప్పింది. తాగడానికి డబ్బా నీళ్లే వాడుతున్నారు. కానీ పళ్లు తోముకోవడానికి, కంచాలు కడగడానికి, పచ్చట్లో పోయడానికి అంతా సంపు నీళ్లే. నేను చెప్పిందంతా విని, మీకెప్పుడు తెలిసిందండీ అని అడిగింది. శనివారం పొద్దున అనుమానం వచ్చిందన్నాను. ఈసారి ఏదీ దాచకూడదనుకున్నాను.

"అప్పుడే ఒక్క మాట చెప్తే ట్యాంకరు తెప్పించేదాన్ని కదండీ," అంది ఆమె.

అమ్మాయిలందరూ కోలుకున్నారు. ఆసుపత్రిలో ఉన్న ఇద్దరూ నాలుగైదు రోజులకు తిరిగొచ్చారు. అందులో ఒకమ్మాయి ఏదో ఉద్యోగ పరీక్ష రాయాల్సింది, రాయలేకపోయింది. నేను శనివారం చెప్పి ఉంటే ఎంతమంది తప్పించుకునేవారో నాకు తెలియదు. కొందరు అప్పటికే ఆ నీళ్లు వాడి ఉంటారు. ఆ లెక్క ఏ యంత్రమూ తేల్చలేదు. కానీ ఆదివారం పొద్దున పళ్లు తోముకున్నవాళ్లు ఉన్నారు కదా అనే మాట దగ్గర నా ఆలోచన ప్రతిసారీ ఆగిపోతుంది.

ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. మా ఆయనకు చెబితే, నీ తప్పేముంది, రూల్ ప్రకారం చేశావు అన్నాడు. ఆ మాట నాకు అక్కరకు రాలేదు. ఒక ఆదివారం పెద్దమ్మ దగ్గర గుర్తులు అడిగి బోడుప్పల్ వెళ్లాను. అక్క ఇంట్లోనే జొన్నరొట్టెలు చేసి హోటళ్లకు ఇస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పెనం మీద రొట్టె తిప్పుతూనే కూర్చోమంది. హాస్టల్ సంగతంతా చెప్పాను. శనివారమే చెబుదామనుకున్నాను అక్కా, కానీ నీకు జరిగింది గుర్తొచ్చి ఆగిపోయాను అన్నాను.

ఆమె రొట్టె దింపి పొయ్యి చిన్నది చేసింది.

"గది నా మీద పెట్టకు," అంది. గొంతు పెంచలేదు. "నేను చెప్పొద్దన్ననా? పక్కా కాదని చెప్పమన్న. నువ్వు అప్పుడు ఎక్కువ చెప్తివి. ఇప్పుడు అసలే చెప్పకపోతివి. రెండుసార్లు నువ్వే భయపడ్డవ్ చెల్లె. నా కొట్టును మధ్యల తేకు."

ఆమె అన్నది నిజం. మొదటిసారి మా అబ్బాయి గురించి భయం. రెండోసారి నా గురించి భయం. రెండుసార్లూ యంత్రం తన మాట తాను సరిగ్గానే చెప్పింది, ఇది కావచ్చు అని. దాన్ని అలాగే మనుషులకు అందించడం ఒక్కటే నా పని. అదే నేను చేయలేదు. బయల్దేరేటప్పుడు ఆమె నాలుగు రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది. క్షమించి ఇచ్చిందో, ఇంటికొచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక ఇచ్చిందో అడగలేదు. అప్పుడప్పుడు వెళ్తూనే ఉన్నాను. మామూలుగానే మాట్లాడుతుంది. ఆ మామూలు మునుపటిదో కాదో నాకు తెలియడం లేదు.

సారు విజయవాడ నుంచి వచ్చాక ఇద్దరం కూర్చుని పాత నియమాన్ని మార్చాం. మనుషుల ప్రాణాల మీదికి వచ్చే బ్యాక్టీరియా అని యంత్రం అనుమానిస్తే, ప్లేటు గడువులోపు చూసినదైతే, అదే రోజు పార్టీకి ఫోన్ చేయాలి. ఇది అనుమానం మాత్రమేనని, ఫలానా రోజుకు తేలుతుందని, అప్పటిదాకా వాడొద్దని చెప్పాలి. ఎవరితో ఏ మాట అన్నామో రిజిస్టరులో రాయాలి. ఫోన్లు చేసే పని నేనే తీసుకున్నాను.

తేలికైన పని కాదు. అనుమానం అనే మాటను ఎవరూ అలాగే వినరు. కొందరు అప్పుడే అంతా అయిపోయినట్టు ఏడుస్తారు. కొందరు తేలేదాకా ఆగండి, ఎవరికీ చెప్పకండి అని బతిమాలుతారు. రెండుసార్లు మా అనుమానం తప్పయింది, తిట్లు తిన్నాం. మొన్న మల్లాపూర్‌లో పాలకోవా చేసే ఒకాయనకు ఫోన్ చేశాను. మొత్తం విని, విసుగ్గా అడిగాడు.

"ఉన్నదా, లేదా మేడం? గదొక్కటి చెప్పున్రి."

"ఇంకా తెలవదు అన్నా. ఉండొచ్చు. గురువారం దాకా ఆ సరుకు బయటికి పంపకున్రి," అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. సారుకు చెబితే, ఇంకొంతసేపు చూసి ఆహార భద్రత అధికారికి చెబుదామన్నారు. రిజిస్టరులో టైము రాసి, మరోసారి ఆ పాలకోవా ఆయన నంబరు నొక్కాను.